సగటు దాచే ఆలస్యం
(నార్మన్ అబ్రామ్సన్ స్మారకోపన్యాస పాఠం)



నార్మన్ అబ్రామ్సన్ 2020 డిసెంబరు 1న శాన్ ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. కొవిడ్ భయంతో లోకమంతా ఇళ్లలో ఉండిపోయి పాఠాలు, కొలువులు, ఆస్పత్రి పరామర్శలు కూడా ఫోన్ల మీదే నడుపుకుంటున్న రోజులవి. ఆ ఫోన్లలో ప్రతి ఒక్కటీ టవర్‌ను మొదటిసారి పలకరించే పద్ధతికి మూలం ఆయన హవాయి దీవుల్లో వేసిన లెక్కలోనే ఉంది. మన సిలబస్‌లో ఆయన పేరు ఒక సూత్రం పక్కన వచ్చి పోతుంది. ఆ సూత్రం చెప్పిందేమిటి, చెప్పకుండా వదిలేసిందేమిటి అన్నది ఈ సాయంత్రం కొంచెం తీరిగ్గా చూద్దాం.

వైర్‌లెస్ నెట్‌వర్కులలో ఆలస్యాన్ని, సేవా నాణ్యతను లెక్కకట్టడం గురించి మాట్లాడమన్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నెట్‌వర్క్ నాణ్యత అంటే వేగం కాదు, ఆలస్యం విషయంలో వాడుకరికి ఇచ్చే మాట. ఆ మాటను సగటుతో ఇవ్వకూడదు. సగటు చెప్పే మోడల్‌కు పాఠంలో చోటుంది కానీ, దాని మీద ఆధారపడి ఎవరికీ హామీ ఇవ్వలేం.

ముందు అబ్రామ్సన్ లెక్క పుట్టిన చోటికి వెళదాం. హవాయి విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం ఓవాహు దీవిలోని హొనొలులులో ఉంది. దాని కళాశాలలు, పరిశోధన కేంద్రాలు తక్కిన దీవుల్లోనూ ఉన్నాయి. ప్రాంగణంలో ఐబీఎం 360/65 కంప్యూటర్ ఉండేది. దూరాన ఉన్నవాళ్లు దాన్ని వాడుకోవాలంటే టెలిఫోన్ లైన్లు అద్దెకు తీసుకోవాలి. టెలిఫోన్ లైను మనుషుల సంభాషణ కోసం పుట్టింది. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒక వరస టైప్ చేస్తాడు, జవాబు చదువుతాడు, ఆలోచిస్తాడు, మళ్లీ ఒక వరస టైప్ చేస్తాడు. మధ్యలో లైను ఊరికే పడి ఉంటుంది, అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది. 1968లో మొదలైన అలోహా ప్రాజెక్టులో అబ్రామ్సన్, ఫ్రాంక్లిన్ కువో, వారి సహచరులు లైన్లను పక్కన పెట్టి రేడియోను పట్టుకున్నారు. అందరికీ కలిపి ఒకే ఛానెల్. 1971 జూన్‌లో అది పని మొదలుపెట్టింది.

ఆ నెట్‌వర్క్ వివరాలు విద్యార్థులు తెలుసుకోదగ్గవి. టెర్మినళ్ల నుంచి కేంద్రానికి 407.350 మెగాహెర్ట్జ్, కేంద్రం నుంచి టెర్మినళ్లకు 413.475 మెగాహెర్ట్జ్. వేగం సెకనుకు 9,600 బిట్లు. ప్యాకెట్‌లో 32 బిట్ల శీర్షిక, దాన్ని సరిచూసుకోవడానికి 16 బిట్లు, 80 అక్షరాల సమాచారానికి 640 బిట్లు, దాన్ని సరిచూసుకోవడానికి మరో 16 బిట్లు. మొత్తం 704 బిట్లు. కేంద్రంలో ఉన్న హెచ్‌పీ మినీకంప్యూటర్‌కు మెనెహునే అని పేరు పెట్టారు. హవాయి జానపద కథల్లోని పొట్టి మనుషుల పేరది. టెర్మినళ్లకు కేంద్రం మాట వినబడుతుంది కానీ ఒకదాని మాట మరొకదానికి వినబడదు. అందుకని నియమం చాలా తేలిగ్గా పెట్టారు. పంపాల్సింది ఉంటే పంపెయ్. అందిందని కేంద్రం నుంచి కబురు వస్తే సరే. రాకపోతే ఎవరిదో నీదీ ఢీకొన్నట్టు. కాసేపు ఆగి మళ్లీ పంపు. ఎంతసేపు ఆగాలన్నది యాదృచ్ఛికంగా తీసుకో.

ఇప్పుడు లెక్క. 704 బిట్లు 9,600 వేగంతో వెళ్లడానికి 73 మిల్లీసెకన్లు పడుతుంది. నా ప్యాకెట్ చెడకుండా చేరాలంటే, అది బయలుదేరడానికి ముందు 73 మిల్లీసెకన్లలో ఎవరూ మొదలుపెట్టి ఉండకూడదు, బయలుదేరాక 73 మిల్లీసెకన్లలో ఎవరూ మొదలుపెట్టకూడదు. అంటే ముప్పు పొంచి ఉన్న కాలం ప్యాకెట్ పొడవుకు రెట్టింపు. ఒక ప్యాకెట్ కాలంలో సగటున వచ్చే ప్రయత్నాలను, మొదటివీ మళ్లీ పంపినవీ కలిపి, ‘జి’ అనుకుందాం. అవి పాయిజాన్ పద్ధతిలో వస్తాయనుకుంటే, రెట్టింపు కాలంలో వేరెవరూ రాకుండా ఉండే సంభావ్యత ‘ఇ’కి మైనస్ రెండు జి ఘాతం. దాన్ని జితో గుణిస్తే నిజంగా చేరే ప్యాకెట్ల వంతు, అంటే త్రూపుట్, వస్తుంది. జి సగం అయినప్పుడు అది గరిష్ఠం, 18.4 శాతం. ఒక్కో వాడుకరి అర నిమిషానికి ఒక ప్యాకెట్ పంపుతాడనుకుంటే ఆ ఛానెల్ సుమారు 75 మందిని మోస్తుంది. అంతకు మించితే మోయదు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ధైర్యం. అబ్రామ్సన్ ఈ లెక్కను 1970లోనే, నెట్‌వర్క్ ఇంకా గాలిలోకి రాకముందే, ప్రచురించాడు. ఎంతమందికి సరిపోతుందో, ఎక్కడ ఆగిపోతుందో కట్టకముందే చెప్పాడు. మోడల్ చేయాల్సిన పని అదే. కట్టిన తర్వాత కొలిచి గ్రాఫ్ గీయడం వేరే పని. 1972లో లారెన్స్ రాబర్ట్స్ చిన్న సవరణ చేశాడు. కాలాన్ని గడులుగా విడగొట్టి గడి మొదట్లోనే పంపాలన్నాడు. ముప్పు కాలం సగానికి తగ్గింది, గరిష్ఠం 36.8 శాతానికి పెరిగింది. రాబర్ట్స్ అప్పట్లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పాలో ఉండేవాడు. ఆయన గదికి వెళ్లినప్పుడు జరిగిన ముచ్చటొకటి అబ్రామ్సనే తర్వాత రాశాడు. రాబర్ట్స్ ఏదో పని మీద బయటికి వెళ్లాడు. నల్లబల్ల మీద ఆర్పానెట్ యంత్రాలు ఏ ఊళ్లో ఎప్పుడు పెడతారో జాబితా ఉంది. అబ్రామ్సన్ సుద్దముక్క తీసుకుని అందులో అలోహా పేరు చేర్చి, పక్కన డిసెంబరు 17 అని తేదీ వేసి వచ్చేశాడు. ఆ తేదీ దగ్గరపడ్డాక, యంత్రం వస్తోంది సిద్ధంగా ఉండండని హవాయికి ఫోన్ వచ్చింది.

ఇంతవరకు మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చాలా తరగతుల్లో పాఠం 18.4 దగ్గర, 36.8 దగ్గర ఆగిపోతుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

అదే సూత్రాన్ని ఇంకోవైపు నుంచి చూడండి. ఛానెల్‌లో నిజంగా చేరుతున్న ప్యాకెట్ల వంతు 13.5 శాతం అని మీటర్ చూపిస్తోందనుకుందాం. అది రెండు రకాలుగా వస్తుంది. జి సుమారు 0.2 అయినా అంతే వస్తుంది, జి ఒకటి అయినా అంతే వస్తుంది. మొదటి స్థితిలో ఒక ప్యాకెట్ చేరడానికి సగటున ఒకటిన్నర ప్రయత్నాలు చాలు. రెండో స్థితిలో దాదాపు 7.4 ప్రయత్నాలు కావాలి. గాలిలో నడిచే రద్దీ ఐదు రెట్లు, ఒక్కో మనిషి ఎదురుచూపు అంతకు మించి. మీటర్ మీద అంకె మాత్రం ఒక్కటే. ఏ దీవిలోనో కూర్చుని టెర్మినల్ ముందు జవాబు కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆ రెండు స్థితుల మధ్య ఉన్న తేడాయే నెట్‌వర్క్ నాణ్యత. లియొనార్డ్ క్లైన్‌రాక్, సైమన్ లామ్ 1970ల్లో చేసిన పని ఇక్కడే విలువైనది. ఛానెల్ మంచి స్థితిలో కొంతకాలం నడిచి, ఒక అనుకోని రద్దీతో చెడు స్థితిలోకి జారి, అక్కడే ఉండిపోగలదని వాళ్లు చూపించారు. ఢీకొన్నవాళ్లు మళ్లీ పంపుతారు, ఆ పంపడం వల్ల ఇంకొందరు ఢీకొంటారు. మళ్లీ పంపడానికి ఎంత ఆగాలో రద్దీని బట్టి మార్చుకోకపోతే ఆ ఊబి నుంచి బయటపడటం కష్టం. త్రూపుట్ ఒక్కటే చెప్పే మోడల్ నెట్‌వర్క్ ఏ స్థితిలో ఉందో చెప్పలేదని దీనితోనే తేలిపోయింది.

ఆలస్యాన్ని లెక్కకట్టే విద్య అంతకు చాలా ముందే పుట్టింది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్ 1909లో కాల్స్ రాకను పాయిజాన్ పద్ధతిలో లెక్కించాడు, 1917లో ఎదురుచూపు సూత్రాలు ఇచ్చాడు. 1961లో జాన్ లిటిల్ ఒక చక్కని నిరూపణ ఇచ్చాడు. వ్యవస్థలో సగటున ఉన్నవాళ్ల సంఖ్య, వచ్చే రేటును సగటు నిరీక్షణతో గుణిస్తే వచ్చేదానికి సమానం. రాక ఏ పంపిణీలో ఉన్నా, సేవ ఏ పంపిణీలో ఉన్నా అది చెల్లుతుంది. అంత విశాలమైన సూత్రం మన రంగంలో ఇంకొకటి లేదు. కానీ అది సగటుల గురించే మాట్లాడుతుంది.

అందరికీ తెలిసిన ఒంటి క్యూ మోడల్‌తో ఒక్కసారి అంకెలు వేసి చూద్దాం. రాకలు పాయిజాన్, ఒక ప్యాకెట్ సేవకు సగటున 2 మిల్లీసెకన్లు, ఆ సేవాకాలం ఎక్స్‌పొనెన్షియల్. లోడ్ 50 శాతం ఉంటే సగటు ఆలస్యం 4 మిల్లీసెకన్లు. 90 శాతం అయితే 20. 95 శాతం అయితే 40. ఈ 40 అనే అంకె చూసి ఎవరూ కంగారుపడరు. అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫార్సు ప్రకారం మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుంటే సంభాషణ హాయిగా సాగుతుంది కాబట్టి, 40 అంటే బోలెడు వెసులుబాటు ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే ఈ మోడల్‌లో ఆలస్యం కూడా ఎక్స్‌పొనెన్షియల్‌గానే పరుచుకుంటుంది. నూటికి ఒక ప్యాకెట్ సగటుకు 4.6 రెట్లు మించి ఆగుతుంది. 95 శాతం లోడ్ దగ్గర అది 184 మిల్లీసెకన్లు. వీవోఎల్‌టీఈలో మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళుతుంది, అంటే సెకనుకు 50 ముక్కలు. నూటికి ఒకటి గడువు దాటడమంటే రెండు సెకన్లకొక ముక్క పోయినట్టు. పైగా రద్దీ వచ్చినప్పుడు ముక్కలు విడివిడిగా పోవు, గుంపుగా పోతాయి. అవతలి మనిషి మాటలో ఒక పదం ఎగిరిపోతుంది. సగటు 40 అని రాసిన నివేదికలో ఆ పదం ఎక్కడా కనిపించదు.

వైర్లు ఉన్న నెట్‌వర్క్‌లో రాకలు మాత్రమే చంచలం, లైను స్థిరం. వైర్‌లెస్‌లో సేవ చేసే ఛానెలే చంచలం. 1800 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 16.7 సెంటీమీటర్లు. గోడలు, చెట్లు, బస్సుల మీద పడి వచ్చిన ప్రతిధ్వనులు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. బలమైన చోటికీ బలహీనమైన చోటికీ మధ్య దూరం అరచేతి వెడల్పుకు మించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సులో కూర్చున్నవాడి ఛానెల్ నాలుగు మిల్లీసెకన్లకే మారిపోతుంది. గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాడిది మారడానికి సుమారు 50 మిల్లీసెకన్లు పడుతుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడు బలహీనమైన చోటులో పడితే ఇంకా ఎంతోసేపు అక్కడే ఉంటాడు. ముగ్గురికీ సగటు వేగం ఒకటే అయినా, గడువు దాటే ప్యాకెట్లు ఒకటి కాదు. బస్సులో ఉన్నవాడి ప్యాకెట్ ఒకసారి పాడైతే ఎల్‌టీఈ పద్ధతిలో 8 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ పంపేసరికి ఛానెల్ మారి ఉంటుంది. కదలకుండా ఉన్నవాడికి మళ్లీ పంపినా అదే గొయ్యి. వేగంగా కదిలేవాడికే కష్టమని మనం సహజంగా అనుకుంటాం. ఆలస్యం విషయంలో చాలాసార్లు అది తలకిందులు. దాపెంగ్ వూ, రోహిత్ నేగి 2003లో ప్రతిపాదించిన ‘ఎఫెక్టివ్ కెపాసిటీ’ సరిగ్గా ఈ తేడాను పట్టుకుంటుంది. ఛానెల్ సగటున ఎంత మోస్తుంది అని అది అడగదు. గడువు దాటే సంభావ్యత ఇంతకు మించకూడదంటే ఎంత రద్దీని ఒప్పుకోవచ్చు అని అడుగుతుంది. ప్రశ్న మారింది కాబట్టే జవాబు పనికొస్తుంది.

ఇంకో చిక్కు, లోతైనది. వైర్‌లెస్‌లో నా క్యూ ఎంత త్వరగా కదులుతుందన్నది పక్కవాడి క్యూ ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. వాడి దగ్గర పంపేదేమీ లేకపోతే నాతో ఢీకొనడు. వాడి క్యూ కూడా నా క్యూ మీద అలాగే ఆధారపడుతుంది. ఇలా అల్లుకున్న క్యూలలో రెండింటి సంగతిని త్సిబకోవ్, మిఖాయిలోవ్ 1979లో తేల్చారు. సంఖ్య పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబు చేతికందదు, పైహద్దులతో కిందిహద్దులతో సరిపెట్టుకోవాలి. ఈ ముడి విప్పలేకే మోడల్ కట్టేవాళ్లు దాన్ని తెంచుతారు. వైఫైకి జ్యుసెప్పె బియాంకీ 2000లో ఇచ్చిన ప్రసిద్ధ విశ్లేషణ అలాంటిదే. ఢీకొన్న ప్రతిసారీ వైఫై పరికరం తాను ఆగే గరిష్ఠ కాలాన్ని రెట్టింపు చేసుకుంటుంది. బియాంకీ ఒక సాహసం చేశాడు. ఎన్నిసార్లు ఢీకొని ఉన్నా, తర్వాతి ప్రయత్నంలో ఢీకొనే సంభావ్యత ఒకటేనని అనుకున్నాడు. దాంతో కొండంత సమస్య రెండు సమీకరణాలు, రెండు తెలియనివిగా తగ్గిపోయింది. ఫలితం సిమ్యులేషన్‌తో అద్భుతంగా సరిపోయింది. అయితే ఆ మోడల్‌లో ప్రతి పరికరం దగ్గరా ఎప్పుడూ పంపాల్సింది ఉంటుంది, అందరికీ అందరి మాటా వినబడుతుంది, ఛానెల్‌లో దోషం ఉండదు. త్రూపుట్ గరిష్ఠం ఎంతో తెలుసుకోవడానికి అది మేలైన మోడల్. ఒక మామూలు సాయంత్రం హాస్టల్‌లో వీడియో కాల్ ఎందుకు తెగుతోందో చెప్పమంటే అది చెప్పలేదు, చెబుతానని బియాంకీ అనలేదు కూడా. ఆ మూడు షరతులు చెరిపేసి సూత్రం ఒక్కటే ఎత్తుకొచ్చిన ప్రాజెక్టు రిపోర్టులను నేను చాలా చూశాను. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మోడల్‌లో సూత్రం సగం, షరతులు సగం.

హాస్టల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి వైఫైలో ఇంకో సంగతి. మార్టిన్ హ్యూస్, ఆయన సహచరులు 2003లో బయటపెట్టిన లోపమిది. పాత 802.11బి వైఫైలో ఇద్దరున్నారు. ఒకరు రూటర్ పక్కనే, సెకనుకు 11 మెగాబిట్ల వేగం. ఇంకొకరు మెట్ల చివర, 1 మెగాబిట్. 1,500 బైట్ల ప్యాకెట్ పంపడానికి మొదటివారికి 1.1 మిల్లీసెకన్లు, రెండోవారికి 12 మిల్లీసెకన్లు. వైఫై ఇద్దరికీ సమానంగా వంతులు ఇస్తుంది. అంటే వంతుకొకటి చొప్పున ఒక జత పూర్తి కావడానికి 13.1 మిల్లీసెకన్లు. ఇద్దరికీ దక్కేది సెకనుకు 0.92 మెగాబిట్ల లోపే, పైఖర్చులు కలిపితే ఇంకా తక్కువ. వీధి కుళాయి దగ్గర ఒకరు చెంబు, ఒకరు గంగాళం పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు నింపుకుంటున్నట్టు, వంతులు సమానమే కానీ కుళాయి కాలమంతా గంగాళానిదే. ఒక్క దూరపు పరికరం గదిలో అందరి ఆలస్యాన్నీ పెంచేస్తుంది. మందు తెలిసినా, వంతులకు బదులు గాలిలో గడిపే కాలాన్ని సమానం చేసే పద్ధతి లైనక్స్ వైఫైలోకి రావడానికి 2017 దాకా పట్టింది. సమానత్వం దేనిలో అని మోడల్ రాసేటప్పుడే తేల్చుకోకపోవడం వల్ల పోయిన కాలమది.

మెమరీ చౌకైందని రూటర్లలో బఫర్లు పెంచడం ఇలాంటిదే ఇంకో తప్పు. ప్యాకెట్ పోకూడదన్న తాపత్రయంతో దాన్ని క్యూలో సెకన్ల తరబడి నిలబెట్టారు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ దీన్ని నలుగురి దృష్టికి తెచ్చాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. క్యూలో ఎన్ని ప్యాకెట్లున్నాయో అది చూడదు, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు ఉందో చూస్తుంది. 5 మిల్లీసెకన్లకు మించిన ఎదురుచూపు 100 మిల్లీసెకన్ల పాటు తగ్గకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది. ఆలస్యాన్ని నేరుగా కొలిస్తే ఎంత మేలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మాట ఇవ్వడం గురించి. 2005లో వచ్చిన 802.11ఇ వైఫైలో నాలుగు తరగతులు పెట్టింది. స్వరం, వీడియో, మామూలు, వెనకబెంచీ. ఎల్‌టీఈలో ప్రతి తరగతికీ గడువు రాసి ఉంటుంది. స్వరానికి 100 మిల్లీసెకన్లు, నూటికి ఒక ప్యాకెట్ దాకా పోవచ్చు. సాధారణ ఇంటర్నెట్‌కు 300 మిల్లీసెకన్లు, పది లక్షలకు ఒకటి. ప్రాధాన్యం ఇవ్వడం మంచిదే. కానీ ప్రాధాన్యం కొత్త సామర్థ్యాన్ని పుట్టించదు, ఉన్న ఆలస్యాన్ని ఒకరి నుంచి తీసి మరొకరి మీద వేస్తుంది. అందుకని ఫలానా గడువులు, ఫలానా ఛానెళ్లు ఉన్న ఇంతమందికి మాట ఇవ్వవచ్చా, ఇవ్వకూడదా అని ముందే తేల్చే సిద్ధాంతం కావాలి. 2009లో ఐ-హాంగ్ హౌ, అప్పట్లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఉన్న వివేక్ బోర్కర్, పి.ఆర్. కుమార్ ముగ్గురూ అది చేశారు. ప్రతి వాడుకరికీ గడువు, ఛానెల్ నమ్మకం, ఎంత వంతు సకాలంలో చేరాలన్నది, ఈ మూడూ పెట్టి, సాధ్యమా కాదా అని కచ్చితంగా చెప్పగల షరతు ఇచ్చారు. సాధ్యమైతే ఎలా నడపాలో కూడా చెప్పారు. ప్రతి ఒక్కరికీ ఇచ్చిన మాటకూ చేసిన సేవకూ ఉన్న తేడాను బాకీగా రాసుకో, ఎవరి బాకీ పెద్దదైతే వాళ్లకు ముందు పంపు. ఇంత లోతైన గణితం చివరికి ఇంత న్యాయమైన నియమంగా తేలడం చూసినప్పుడల్లా ఈ రంగంలో పనిచేసినందుకు నాకు సంతోషంగా ఉంటుంది.

5జీ దగ్గరికి వచ్చేసరికి మాట ఇంకా బిగిసింది. ఫ్యాక్టరీ యంత్రాల వంటి వాటి కోసం పెట్టిన లక్ష్యం ప్రకారం 32 బైట్ల ప్యాకెట్ 1 మిల్లీసెకను లోపు చేరాలి, లక్షకు ఒకటి మాత్రమే తప్పవచ్చు. దీన్ని కొలిచి నిరూపించండి అంటే ఏం చేస్తాం? ఒక్క తప్పు చూడాలన్నా లక్ష ప్యాకెట్లు పంపాలి. నమ్మదగ్గ అంచనాకు కనీసం పది తప్పులైనా కావాలి, అంటే పది లక్షల ప్యాకెట్లు. 10 మిల్లీసెకన్లకొకటి చొప్పున పంపితే రెండు గంటల 47 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఏ ఛానెలూ ఒకేలా ఉండదు. కొలత చేరలేని చోటికి మోడల్ మాత్రమే చేరుతుంది. అదే సమయంలో, మోడల్ అత్యంత తక్కువగా నమ్మదగిన చోటు కూడా ఆ అంచే. మధ్యలో బాగా సరిపోయిన పంపిణీ చివర్లో పది రెట్లు తప్పవచ్చు. పరిశోధన చేయాలనుకునే పిల్లలకు నా సలహా, ఈ అంచు దగ్గర పని చేయండి. అక్కడ ఇంకా చాలా పని మిగిలి ఉంది.

మన ఇంటి దగ్గరి మాట ఒకటి. టెలికాం లైసెన్సు లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ కలిపి ఒకే సర్కిల్. హైదరాబాద్ హైటెక్ సిటీ టవరూ, పాడేరు కొండల్లోని టవరూ ఒకే సగటులో కలిసేవి. కాల్ డ్రాప్ 2 శాతానికి మించకూడదన్న నియమం ఎన్నో ఏళ్లుగా ఉన్నా, సర్కిల్ మొత్తం మీద సగటు తీసినంతకాలం పాడేరు కష్టాన్ని హైదరాబాద్ కప్పేసేది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరు నుంచి లెక్కను మార్చింది. సర్కిల్‌లో కనీసం 90 శాతం సెల్స్, కనీసం 90 శాతం రోజుల్లో, 2 శాతం లోపు ఉండాలంది. రద్దీ వేళలకూ చెడ్డ సెల్స్‌కూ కలిపి ఇలాంటిదే ఇంకో కొలత, 3 శాతం హద్దుతో, పెట్టింది. 2024లో నియమావళిని మళ్లీ తిరగరాశారు. 2017 నాటి ఆ మార్పు చిన్న సాంకేతిక సవరణలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో మన దేశంలో సేవా నాణ్యత విషయంలో వచ్చిన మంచి మార్పుల్లో అదొకటి. సగటు అడగడం మానేసి పంపిణీ అడిగారు.

ఏజెన్సీ ప్రాంతంలో వారపు సంతను గుర్తు చేసుకోండి. వారమంతా ఒక ఊరి రద్దీ మోసే టవర్ మీద ఆ రోజు చుట్టుపక్కల గూడేల వాళ్లంతా పడతారు. పసుపు, చింతపండు అమ్మినవాళ్లు యూపీఐ డబ్బు పడిందో లేదో చూసుకుంటూ నిలబడతారు. ఆ చెల్లింపు సమాచారం కొన్ని కిలోబైట్లే, దానికి వేగం అక్కర్లేదు. గడువు లోపల చేరితే చాలు. ఫోన్ టవర్‌ను పలకరించే మొదటి అడుగు ఇప్పటికీ గడుల అలోహాయే. ఎల్‌టీఈలో ఒక సెల్‌కు 64 సంకేతాలుంటాయి, ఫోన్ వాటిలో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుని పంపుతుంది, ఇద్దరు ఒకటే ఎంచుకుంటే ఢీ. వాడుకరి విసుగెత్తి మళ్లీ నొక్కితే రద్దీ మళ్లీ పెరుగుతుంది. క్లైన్‌రాక్, లామ్ చెప్పిన చెడు స్థితి అక్కడ సంత మధ్యలో కనిపిస్తుంది. వారం మొత్తం సగటు తీస్తే ఆ టవర్ లోడ్ తక్కువే. రాకలు పాయిజాన్ కావు, ఒకరితో ఒకరికి సంబంధం ఉన్న రాకలు. బరువు కొలిచి, బేరం తెగి, అందరూ ఒకే గంటలో చెల్లించేవాళ్లు. ఆ గంటకు మోడల్ లేనివాడికి ఆ టవర్ గురించి తెలిసింది చాలా తక్కువ.

విద్యార్థులకు, వాళ్ల చేత ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఇకమీదట ఆలస్యం గురించి రాసే ప్రతి రిపోర్టులో సగటుతో పాటు 99వ పర్సెంటైల్ రాయండి. ఏ లోడ్ దగ్గర, రోజులో ఏ వేళ కొలిచారో రాయండి. మోడల్‌లో ఏమేం వదిలేశారో సూత్రం పక్కనే, అదే పేజీలో రాయండి. రద్దీ లేని వేళ ప్రయోగశాలలో కొలిచి సరిపెట్టుకోకండి. సాయంత్రం బస్టాండుకు వెళ్లండి, సంత రోజు సంతకు వెళ్లండి. పరీక్షాధికారులుగా కూర్చునే పెద్దలను కూడా కోరుతున్నాను. సగటు ఒక్కటే చూపించిన గ్రాఫ్‌ను దయచేసి ఒప్పుకోకండి, పంపిణీ గీసుకురమ్మని వెనక్కి పంపండి.